వృద్ధాప్యంలో రోగనిరోధక వ్యవస్థ: 'శక్తి తగ్గుతుంది' అనే వివరణపై విమర్శనాత్మక పరిశీలన

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• వయసుతో పాటు రోగనిరోధక కణాలలోను, వాటి సంకేత ప్రసారంలోను వచ్చే ముఖ్యమైన మార్పులను వివరించగలుగుతారు.
• 'రోగనిరోధక శక్తి తగ్గుతుంది' అనే ప్రచలిత వివరణలోని లోపాలను ఆధారాలతో చూపగలుగుతారు.
• 'ఇన్‌ఫ్లమేజింగ్' అనే భావనను, దానిపై వచ్చిన విమర్శను అంచనా వేయగలుగుతారు.
• వృద్ధాప్య పరిశోధనల ఫలితాలను చదివేటప్పుడు అడగవలసిన ప్రశ్నలను గుర్తించగలుగుతారు.

1. విషయ పరిచయం

"వయసు పెరిగే కొద్దీ రోగనిరోధక శక్తి తగ్గుతుంది." ఈ వాక్యం మీకు కొత్త కాదు. పాఠశాల పుస్తకాల్లో చదివారు, డాక్టర్లు చెప్పగా విన్నారు, టానిక్కుల ప్రకటనల్లో చూశారు. పరీక్షలో ఈ అంశంపై ప్రశ్న వస్తే చాలామంది విద్యార్థులు మొదట రాసే వాక్యం కూడా ఇదే. ఎన్నో ఏళ్ళు సమాధాన పత్రాలు దిద్దిన అనుభవంతో చెబుతున్నాను: చాలా సమాధానాలు ఈ వాక్యంతో మొదలై, దాన్నే మరో మూడు రకాలుగా చెప్పి ముగుస్తాయి.

ఈ వాక్యం పూర్తిగా అబద్ధం కాదు. కాని ఇది సగం నిజం. ఆ సగం నిజాన్ని మొత్తం నిజంగా తీసుకుంటే రెండు నష్టాలు కలుగుతాయి. మొదటిది శాస్త్రపరమైన నష్టం. గత ఇరవై ఏళ్ళలో ప్రయోగశాలల్లో తేలిన ముఖ్య ఫలితాలు ఈ వాక్యంలో ఇమడవు. రెండవది ఇంట్లో జరిగే నష్టం. "ఈ వయసులో శక్తి ఎలాగూ ఉండదు, ఇక టీకా ఎందుకు?" అని ఒకరు నిరుత్సాహపడతారు. "శక్తి తగ్గింది కదా, పెంచుకుందాం" అని మరొకరు దొరికిన పొడినల్లా కొంటారు. ఈ రెండు నిర్ణయాలకూ మూలం ఆ ఒక్క వాక్యమే.

ఇంతకుముందు భాగాలలో మీరు టి-కణాలు, బి-కణాలు, న్యూట్రోఫిల్లు, స్థూలభక్షక కణాలు, సైటోకైన్ల గురించి చదివారు. ఆ పరిజ్ఞానాన్ని ఆధారం చేసుకొని, ప్రచలిత వివరణ ఎంతవరకు నిలుస్తుందో, ఎక్కడ కూలిపోతుందో ఇక్కడ పరిశీలిద్దాం.

2. 'శక్తి' అనే మాటలోని చిక్కు

తెలుగులో మనం 'రోగనిరోధక శక్తి' అంటాం. 'శక్తి' అనగానే మన మనస్సులో ఒక కొలత మెదులుతుంది. కుండలో నీళ్ళలాగా అది నిండుతుంది, తరుగుతుంది, మళ్ళీ పోస్తే నిండుతుంది. రోగనిరోధకత నిజంగా అటువంటిదే అయితే వృద్ధాప్యంలో కనిపించే సమస్యలన్నీ ఒకే దిశలో ఉండాలి. అంటే అన్ని కణాలూ మందగించాలి, అన్ని సంకేతాలూ బలహీనపడాలి, అన్ని ప్రతిచర్యలూ తగ్గాలి.

వాస్తవం అలా లేదు. 75 ఏళ్ళ వ్యక్తిలో కొత్త వైరస్‌ను గుర్తించే కణాలు తక్కువగా ఉండవచ్చు. అదే వ్యక్తి రక్తంలో ఇంటర్‌ల్యూకిన్-6 వంటి శోథకారక సైటోకైన్లు యువకులలో కంటే ఎక్కువగా ఉండవచ్చు. ఒకే శరీరంలో ఒకచోట లోటు, మరొకచోట మితిమీరడం. కీళ్ళవాతం, రక్తనాళాల్లో కొవ్వు పేరుకుపోవడం వంటి వ్యాధులలో రోగనిరోధక కణాల పాత్ర పెద్దదని మీకు తెలుసు. అవి వయసుతో పెరిగే వ్యాధులే. 'శక్తి తగ్గడం' ఒక్కటే కారణమైతే ఇవి కూడా వయసుతో తగ్గవలసింది.

అందువల్ల ఈ భాగంలో 'రోగనిరోధక శక్తి' అనడానికి బదులు 'రోగనిరోధక వ్యవస్థ' అంటాం. వ్యవస్థ అంటే భాగాలు, వాటి మధ్య సమాచారం, ఆ సమాచారాన్ని అదుపు చేసే ఏర్పాట్లు. ముసలితనంలో ఏది తగ్గింది, ఏది పెరిగింది, ఏది దారి తప్పింది అని విడివిడిగా అడగడానికి ఈ మాట వీలు కల్పిస్తుంది.

3. నిజంగా తగ్గేది: థైమస్, కొత్త టి-కణాలు

ప్రచలిత వివరణకు న్యాయం చేద్దాం. దానికి బలమైన ఆధారం థైమస్ గ్రంథి. 1961లో జాక్ మిల్లర్ అప్పుడే పుట్టిన ఎలుకల్లో థైమస్‌ను తొలగించి చూశాడు. వాటిలో లింఫోసైట్లు బాగా తగ్గిపోయాయి. ఇతర ఎలుకల చర్మాన్ని అతికిస్తే తిరస్కరించలేకపోయాయి. అంతవరకు ప్రయోజనం లేనిదనుకున్న గ్రంథి రోగనిరోధక వ్యవస్థకు పుట్టిల్లని ఆ ప్రయోగం చూపింది.

థైమస్ క్షీణించడం ముసలితనంలో మొదలవదు. బాల్యంలోనే ఆరంభమై, క్రమంగా పనిచేసే కణజాలం తగ్గి ఆ స్థానంలో కొవ్వు చేరుతుంది. ఫలితంగా ఇంకా ఏ ప్రతిజనకాన్నీ ఎదుర్కోని కొత్త టి-కణాల ఉత్పత్తి తగ్గుతుంది. సి.డి.8 తరగతికి చెందిన కొత్త టి-కణాలలో ఈ తగ్గుదల మరింత స్పష్టం. పాత శత్రువులను గుర్తుపెట్టుకున్న జ్ఞాపక కణాల వాటా పెరుగుతుంది. కోవిడ్ వంటి పూర్తిగా కొత్త వ్యాధి వచ్చినప్పుడు వృద్ధులు ఎక్కువగా దెబ్బతినడానికి ఇది ఒక కారణం.

ఇక్కడే రెండు విమర్శనాత్మక ప్రశ్నలు వేయాలి.

మొదటిది: ఎలుకలలో తేలినది మనుషులకు వర్తిస్తుందా? 2012లో నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞులు ప్రచురించిన పరిశోధన దీనికి ఆలోచింపజేసే జవాబు ఇచ్చింది. ఎలుకలు జీవితాంతం కొత్త టి-కణాలకు థైమస్‌పైనే ఆధారపడతాయి. మనుషులలో అయితే యౌవనం నుంచే అధిక భాగం కొత్త టి-కణాలు థైమస్ బయట, ఉన్న కణాలే విభజన చెందడం వల్ల కొనసాగుతాయి. అంటే ఎలుకలో థైమస్ క్షీణతను సరిచేసిన చికిత్స మనిషిలోనూ అదే ఫలితం ఇస్తుందని ముందే నమ్మకూడదు.

రెండవది: అలాగైతే పెద్దవారిలో థైమస్ అనవసరమా? 2023లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం థైమస్ తొలగించిన పెద్దవారిని, ఛాతీకి ఇతర శస్త్రచికిత్సలు జరిగి థైమస్ అలాగే ఉన్నవారితో పోల్చింది. అయిదేళ్ళలో మరణాలు మొదటి వర్గంలో 8.1 శాతం, రెండవ వర్గంలో 2.8 శాతం. ఇది పరిశీలనాత్మక అధ్యయనమే కాబట్టి తేడా అంతా థైమస్ లేకపోవడం వల్లనే అని తేల్చలేం. అయినా, ఎండిపోయిందనుకున్న గ్రంథికి ఇంకా పని ఉండవచ్చునని అది హెచ్చరిస్తుంది. 'తగ్గింది' అనడానికీ 'పోయింది' అనడానికీ మధ్య దూరం ఉంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
(అ) థైమస్ క్షీణత విషయంలో ఎలుకకూ మనిషికీ ఉన్న ముఖ్యమైన భేదం ఏమిటి?
(ఆ) 'శక్తి' అనే మాట వృద్ధాప్య రోగనిరోధకతను వివరించడానికి ఎందుకు చాలదు?

4. కణం ఉన్నా మాట వినపడకపోతే: సంకేత ప్రసారంలో మార్పులు

కణాల సంఖ్య తగ్గడం కథలో ఒక భాగమే. ఉన్న కణాలు సంకేతాన్ని ఎలా అందుకొంటున్నాయి అన్నది రెండవ భాగం. పాఠ్యపుస్తకాలు ఎక్కువగా వదిలేసేది దీనినే.

టి-కణం మేల్కోవడానికి రెండు సంకేతాలు కావాలని మీరు చదివారు. మొదటిది టి-కణ గ్రాహకం ద్వారా ప్రతిజనకం ఇచ్చేది. రెండవది సి.డి.28 అణువు ద్వారా వచ్చేది. జీవితకాలంలో మళ్ళీ మళ్ళీ విభజన చెందిన సి.డి.8 టి-కణాలలో చాలావాటి ఉపరితలంపై సి.డి.28 కనిపించదు. ఇటువంటి కణాలు యథావిధిగా విభజన చెందలేవు. కాని అవి నిద్రపోవు. శోథకారక సైటోకైన్లను విడుదల చేయగలవు, ఇతర కణాలను చంపగలవు. ఒక పని చేతకాకపోయినా మరొక పని అవసరానికి మించి చేసే కణాన్ని 'బలహీనం' అని ఒక్క మాటలో ఎలా తేల్చగలం?

కొత్త టి-కణాల విషయం చూద్దాం. గ్రాహకం నుంచి వచ్చిన సంకేతం కణం లోపల ఒక ప్రోటీన్ నుంచి మరొక ప్రోటీన్‌కు ఫాస్ఫేట్ సమూహాల రూపంలో అందుతుంది. ఈ గొలుసులో ఇ.ఆర్.కె. అనే ఎంజైము ఒక ముఖ్యమైన మజిలీ. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన యోర్గ్ గొరోంజీ, కొర్నేలియా వైయాండ్ బృందం 2012లో ఈ మజిలీ దగ్గర ఏం జరుగుతోందో చూపింది. సి.డి.4 తరగతి కొత్త టి-కణాలలో వయసుతో పాటు మైక్రో ఆర్.ఎన్.ఏ.-181ఏ అనే చిన్న అణువు తగ్గుతుంది. అది మామూలుగా డి.యు.ఎస్.పి.6 అనే ఎంజైమును అదుపులో ఉంచుతుంది. అదుపు తప్పిన డి.యు.ఎస్.పి.6 పెరిగి, ఇ.ఆర్.కె. మీది ఫాస్ఫేట్‌ను తొలగిస్తుంది. సంకేతం దారిలోనే సన్నగిల్లుతుంది.

ఇందులో గమనించవలసిన విషయం ఒకటి ఉంది. ఇక్కడ సంకేతం బలహీనపడింది, నిజమే. కాని ఎందుకు? సంకేతాన్ని ఆపే ఎంజైము పెరగడం వల్ల. బండి కదలకపోవడానికి ఎద్దు అలసటే కారణం కానక్కరలేదు, చక్రానికి కట్టె అడ్డుపడినా కదలదు. ప్రయోగశాలలో డి.యు.ఎస్.పి.6ను తగ్గించినప్పుడు వృద్ధుల కణాలలో ఇ.ఆర్.కె. ప్రతిచర్య మెరుగుపడింది. అంటే కణం ఇంజను చెడిపోలేదు, అడ్డు పడింది. అరిగిపోయినదానికీ, అడ్డుపడినదానికీ చికిత్స ఒకటి కాదు.

5. లోటు కాదు, దారి తప్పడం: మూడు ఉదాహరణలు

5.1 న్యూట్రోఫిల్లు. వ్యాధిజనకాలు చేరిన చోటికి ముందుగా పరుగెత్తే కణాలివి. 2014లో బర్మింగ్‌హామ్ పరిశోధకులు ఆరోగ్యవంతులైన వృద్ధుల న్యూట్రోఫిల్లను యువకుల వాటితో పోల్చారు. వృద్ధుల కణాల నడక వేగంలో పెద్ద తేడా లేదు. దిశలోనే తేడా. అవి సరైన గమ్యం వైపు కచ్చితంగా సాగలేకపోయాయి. కారణం పి.ఐ.3-కైనేజ్ అనే సంకేత ఎంజైము ఎప్పుడూ క్రియాశీలంగా ఉండటం. అన్ని వైపుల నుంచీ ఎవరో పిలుస్తున్నట్టుంటే ఎటు వెళ్ళాలో తెలియదు. ఆ ఎంజైమును నిరోధకాలతో కాస్త అణచగానే కణాల గమనం మళ్ళీ కచ్చితమైంది. దారి తప్పి తిరిగే న్యూట్రోఫిల్లు ప్రోటీన్లను కరిగించే ఎంజైములతో ఆరోగ్యంగా ఉన్న కణజాలానికి కూడా హాని చేయగలవు.

5.2 స్థూలభక్షక కణాలు. శోథ అంటే కణజాలం ఎర్రబడి, వేడెక్కి, వాచే ప్రతిచర్య. దాన్ని మొదలుపెట్టడం ఎంత ముఖ్యమో, సమయానికి ముగించడం అంత ముఖ్యం. చచ్చిన కణాలను స్థూలభక్షక కణాలు మింగి శుభ్రం చేస్తేనే అది ముగుస్తుంది. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2020లో ప్రచురించిన అధ్యయనంలో స్వచ్ఛంద కార్యకర్తల చర్మంపై చిన్న పొక్కు తెప్పించి గమనించారు. వృద్ధులలో శోథ ఆరంభం యువకులలో లాగానే ఉంది, ముగింపు మాత్రం ఆలస్యమైంది. వారి కణాలలో పి38 అనే సంకేత ఎంజైము ఎక్కువగా పనిచేయడం వల్ల చచ్చిన కణాలను గుర్తించే టిమ్-4 గ్రాహకం తగ్గింది. పి38ను నిరోధించే లోస్మాపిమోడ్ అనే మందు ఇచ్చినప్పుడు శుభ్రం చేసే పని మెరుగుపడింది.

5.3 సొంత సంకేతంపైనే దాడి. కోవిడ్ కాలంలో వెలువడిన ఫలితాల్లో అత్యంత ముఖ్యమైన వాటిలో ఇది ఒకటి. వైరస్ ప్రవేశించగానే కణాలు విడుదల చేసే తొలి హెచ్చరిక టైప్-1 ఇంటర్‌ఫెరాన్. కొందరి శరీరాలు తమ ఇంటర్‌ఫెరాన్‌కే వ్యతిరేకంగా ప్రతిదేహాలను తయారుచేసుకుంటాయి. 2021లో ప్రచురితమైన అంతర్జాతీయ అధ్యయనం ప్రకారం కోవిడ్ సోకని 70 ఏళ్ళు పైబడినవారిలో సుమారు 4 శాతం మందిలో ఇటువంటి ప్రతిదేహాలు ఉన్నాయి. కోవిడ్ మరణాలలో దాదాపు 20 శాతం మందిలో అవి కనిపించాయి. ఇక్కడ బి-కణాలు ప్రతిదేహాలను చక్కగానే తయారుచేశాయి. తయారీలో లోటు లేదు, లక్ష్యంలోనే పొరపాటు.

ఈ మూడు ఉదాహరణలను ఒకచోట పెట్టి చూడండి. ఒకదానిలో దిశ తప్పింది, ఒకదానిలో ముగింపు తప్పింది, ఒకదానిలో లక్ష్యం తప్పింది. మొదటి రెండింటిలో పరిస్థితిని మెరుగుపరచినది ఒక ఎంజైమును అణచడం. 'శక్తి పెంచాలి' అనే సూత్రంతో వెళ్ళేవారు సరిగ్గా దీనికి వ్యతిరేకమైన పని చేసేవారు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2
(అ) మైక్రో ఆర్.ఎన్.ఏ.-181ఏ తగ్గితే ఇ.ఆర్.కె. సంకేతం ఎందుకు బలహీనపడుతుంది?
(ఆ) వృద్ధుల న్యూట్రోఫిల్లలో వేగానికీ దిశకూ సంబంధించి ఏమి గమనించారు?

6. 'ఇన్‌ఫ్లమేజింగ్': కొత్త భావనను కూడా పరీక్షించాలి

'శక్తి తగ్గుతుంది' అనే వివరణ చాలదని గుర్తించినవారు ముందుకు తెచ్చిన భావన ఇన్‌ఫ్లమేజింగ్. ఇటలీ శాస్త్రజ్ఞుడు క్లాడియో ఫ్రాన్‌చెస్కీ, ఆయన సహచరులు 2000లో ఈ మాటను ప్రవేశపెట్టారు. వయసుతో పాటు శరీరంలో స్పష్టమైన ఇన్‌ఫెక్షన్ లేకుండానే స్వల్ప స్థాయి శోథ నిరంతరం కొనసాగుతుందని దీని అర్థం. రక్తంలో ఇంటర్‌ల్యూకిన్-6, సి-రియాక్టివ్ ప్రోటీన్ వంటివి దీనికి సూచికలు. విభజన ఆగిపోయినా చావకుండా సైటోకైన్లను వెలువరించే ముసలి కణాలు, పొట్టలోని కొవ్వు, దీర్ఘకాలిక వైరస్ ఇన్‌ఫెక్షన్లు దీనికి మూలాలుగా చెబుతారు. ఎముక మజ్జలో టెట్-2 వంటి జన్యువుల్లో ఉత్పరివర్తనం జరిగిన కణవంశం పెరగడం మరొక మూలం. టెట్-2 లోపించిన స్థూలభక్షక కణాలు ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను ఎక్కువగా తయారుచేస్తాయని ఎలుకల్లో చూపారు.

ఈ భావన ఎన్నో విషయాలను ఒక తాటి మీదికి తెచ్చింది. దాని విలువను కాదనలేం. కాని ఒక మూసను విడిచి మరొక మూసలో పడకూడదు. ఇన్‌ఫ్లమేజింగ్ మనుషులందరికీ సహజమైన వృద్ధాప్య లక్షణమా, లేక ఒక రకమైన జీవన విధానంలో కనిపించే లక్షణమా?

2025లో ప్రచురితమైన ఒక అధ్యయనం ఈ ప్రశ్నను సూటిగా వేసింది. ఇటలీ, సింగపూర్‌లలోని వృద్ధుల సమాచారాన్ని బొలీవియాలోని చిమానే, మలేసియాలోని ఒరాంగ్ అస్లీ ఆదివాసుల సమాచారంతో పోల్చింది. ఇటలీ, సింగపూర్‌లలో వయసుతో పాటు కొన్ని సైటోకైన్లు కలిసి పెరిగే తీరు కనిపించింది. ఆదివాసీ సముదాయాలలో ఆ తీరు కనిపించలేదు. చిమానే ప్రజలలో పరాన్నజీవులు, ఇన్‌ఫెక్షన్లు ఎక్కువ కాబట్టి శోథ లేదని కాదు, ఉంది. కాని అది వయసుతో అదే పద్ధతిలో పెరగలేదు, వయసుతో వచ్చే దీర్ఘకాలిక వ్యాధులతో అదే విధంగా ముడిపడలేదు.

ఈ ఫలితం కూడా అంతిమ తీర్పు కాదు. ఒక్కసారి తీసిన రక్త నమూనాలతో, వేర్వేరు దేశాల్లో చేసిన కొలతలను పోల్చడంలో ఇబ్బందులు ఉంటాయి. అయినా ఒక మేలు జరిగింది. 'వృద్ధాప్యం ఇలా ఉంటుంది' అని చెప్పేముందు 'ఎవరి వృద్ధాప్యం?' అని అడగక తప్పని స్థితి వచ్చింది. ఆ నాలుగు సముదాయాల్లో మన దేశం లేదు. ఒకవైపు నగరాల్లో మధుమేహం, ఊబకాయం. మరొకవైపు పల్లెల్లో క్షయ, పేగు పురుగులు. కొన్నిసార్లు రెండూ ఒకే ఇంట్లో. మన వృద్ధులు ఇటలీ వైపో, బొలీవియా వైపో ఉంటారని ఊహించి రాయడం శాస్త్రం కాదు.

7. ఆధారాలను చదివే పద్ధతి

వృద్ధాప్య రోగనిరోధకత గురించిన ఏ పరిశోధన చదివినా మీరు నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి.

మొదటిది, ఒకే మనిషిని ఏళ్ళ తరబడి గమనించారా, లేక ఒకే రోజున యువకులను, వృద్ధులను పోల్చారా? ఎక్కువ అధ్యయనాలు రెండవ రకానివి. 80 ఏళ్ళ వ్యక్తికీ 25 ఏళ్ళ వ్యక్తికీ మధ్య ఉన్నది వయసు తేడా ఒక్కటే కాదు. వారు పెరిగిన కాలం, తిన్న తిండి, ఎదుర్కొన్న వ్యాధులు, వేయించుకున్న టీకాలు అన్నీ వేరు. పైగా 80 దాకా బతికినవారు మాత్రమే మనకు దొరుకుతారు. స్వీడన్‌లోని యాన్‌షాపింగ్‌లో 80 ఏళ్ళు దాటినవారిని ఏళ్ళ తరబడి గమనించిన అధ్యయనాలు అందుకే విలువైనవి. సి.డి.4 కణాల కంటే సి.డి.8 కణాలు ఎక్కువగా ఉండటం, దానితో పాటు సైటోమెగలోవైరస్ ఇన్‌ఫెక్షన్ ఉండటం తరువాతి రెండేళ్ళ మరణాలతో ముడిపడి ఉన్నట్టు అవి చూపాయి. కాని అతి వృద్ధులైన స్వీడన్ ప్రజలలో కనిపించిన సూచికను అన్ని దేశాలకూ, అన్ని వయసులకూ అతికించకూడదు.

రెండవది, ఇది వయసు ప్రభావమా, వైరస్ ప్రభావమా? సైటోమెగలోవైరస్ చాలామందిలో బాల్యంలోనే ప్రవేశించి జీవితాంతం మౌనంగా ఉంటుంది. దానిపై నిఘా వేయడానికే టి-కణాలలో పెద్ద వాటా ఖర్చవుతుంది. 2015లో అమెరికాలో 105 జతల కవలలపై చేసిన అధ్యయనంలో, సమరూప కవలలలో ఒకరికి మాత్రమే ఈ వైరస్ సోకిన జతలను విడిగా పరిశీలించారు. కొలిచిన రోగనిరోధక లక్షణాలలో సగానికి పైగా, 58 శాతం, ఆ వైరస్ వల్ల ప్రభావితమయ్యాయి. మన దేశంలో పెద్దవారిలో అత్యధికులకు ఈ వైరస్ సోకి ఉంటుంది. కాబట్టి విదేశాల్లో 'వైరస్ సోకని వృద్ధులు' అనే వర్గంపై తేల్చిన విషయాలు మనకు నేరుగా వర్తించవు.

మూడవది, కొలిచినది ఎక్కడ? దాదాపు అన్ని అధ్యయనాలూ రక్తంపైనే. టి-కణాలలో చాలా కొద్ది భాగమే రక్తంలో ఉంటుంది. మిగిలినవి ప్లీహం, శోషరస కణుపులు, పేగు, ఊపిరితిత్తులు, చర్మంలో ఉంటాయి.

నాలుగవది, కొలిచినది సూచికనా, ఆరోగ్యాన్నా? ఈ ప్రశ్న ఎంత ముఖ్యమో ఒక మందు చరిత్ర చెబుతుంది. ఎవెరోలిమస్ అనే మందును అవయవ మార్పిడి రోగులలో రోగనిరోధక ప్రతిచర్యను అణచడానికి వాడతారు. 2014లో ప్రచురితమైన పరీక్షలో 65 ఏళ్ళు పైబడినవారికి దాన్ని తక్కువ మోతాదులో కొన్ని వారాలు ఇచ్చి, తరువాత ఇన్‌ఫ్లూయెంజా టీకా వేశారు. టీకాకు ప్రతిదేహాల స్పందన సుమారు 20 శాతం మెరుగుపడింది. అణచే మందు స్పందనను పెంచింది! ఇది 'శక్తి' సూత్రానికి గట్టి దెబ్బ. కాని కథ అక్కడితో ఆగలేదు. అదే సంకేత మార్గంపై పనిచేసే మరొక మందు 2019లో మూడవ దశ పరీక్షలో వృద్ధులలో శ్వాసకోశ వ్యాధులను తగ్గించలేకపోయింది. మొదటి ఫలితం దగ్గరే ఆగి సంబరపడినవారికి ఇది పాఠం.

8. అసలు పరీక్ష: అక్కి టీకా

ప్రచలిత వివరణను నిలదీయడానికి నాకు తెలిసిన అత్యుత్తమ సాక్ష్యం హెర్పిస్ జోస్టర్ టీకాలు. ఈ వ్యాధిని మన పల్లెల్లో 'అక్కి' అంటారు. కుమ్మరి దగ్గర ఎర్రమన్నుతో అక్కి రాయించుకోవడం మీలో కొందరు చూసే ఉంటారు. చిన్నప్పుడు ఆటలమ్మ కలిగించిన వైరస్ నాడీకణాలలో దాగి, టి-కణాల నిఘా సడలినప్పుడు బయటపడుతుంది. అందుకే ఇది వయసుతో పాటు పెరుగుతుంది.

మొదట వచ్చిన టీకాలో బలహీనపరచిన సజీవ వైరస్ ఉండేది. 2005లో ప్రచురితమైన పెద్ద పరీక్షలో అది 60–69 ఏళ్ళవారిలో 64 శాతం, 70 దాటినవారిలో 38 శాతం మాత్రమే వ్యాధిని తగ్గించింది. వయసు పెరిగితే టీకా పనిచేయదన్న అభిప్రాయం దీనితో బలపడింది. తరువాత వచ్చిన టీకాలో సజీవ వైరస్ లేదు. వైరస్‌లోని ఒక ప్రోటీన్, దానితో పాటు రోగనిరోధక కణాలను సరిగ్గా మేల్కొలిపే సహాయక పదార్థం ఉన్నాయి. 2015, 2016లలో వెలువడిన పరీక్షల్లో 50 దాటినవారిలో 97 శాతం, 70 దాటినవారిలో సుమారు 90 శాతం రక్షణ లభించింది.

మనుషుల వయసు మారలేదు. వారి థైమస్ మళ్ళీ పెరగలేదు. మారినది టీకా సంకేతం ఇచ్చిన తీరు. 38 శాతానికీ 90 శాతానికీ మధ్య ఉన్న తేడాను వృద్ధుల ఖాతాలో వేయలేం. అది మనం వారికి ఇస్తున్న సంకేతంలోని లోపం. తగిన సంకేతం ఇవ్వలేని టీకాను ముసలివారికి వేసి, అది సరిగ్గా పనిచేయకపోతే 'వారిలో శక్తి లేదు' అన్నాం. ఇన్‌ఫ్లూయెంజా టీకా విషయంలోనూ ఇదే జరిగింది. ప్రతి రకం వైరస్‌కు 15 మైక్రోగ్రాములకు బదులు 60 మైక్రోగ్రాముల ప్రతిజనకం ఇచ్చినప్పుడు, 65 దాటినవారిలో మామూలు టీకా కంటే 24 శాతం అదనపు రక్షణ లభించిందని 2014లో తేలింది.

ఇక్కడ ఒక హద్దు గీయాలి. జ్ఞాపక కణాలు ఇప్పటికే ఉన్న అక్కి వైరస్ విషయంలో సాధ్యమైనది, పూర్తిగా కొత్త వైరస్ విషయంలో అంత సులభం కాకపోవచ్చు. మూడవ విభాగంలో చెప్పిన కొత్త టి-కణాల లోటు వాస్తవమే. అలాగే మన దేశంలో ఈ టీకా 2023 నుంచి దొరుకుతున్నా, ఖరీదు వల్ల చాలామందికి అందుబాటులో లేదు. అది ధరకు సంబంధించిన అడ్డంకి. దాన్ని జీవశాస్త్ర అడ్డంకిగా చెప్పి సమాధానపడకూడదు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 3
(అ) రెండు అక్కి టీకాల ఫలితాలలోని తేడా ఏ వివరణను బలహీనపరుస్తుంది? ఎందుకు?
(ఆ) రక్తంపై మాత్రమే ఆధారపడిన అధ్యయనాల పరిమితి ఏమిటి?

9. సారాంశం

వృద్ధాప్యంలో రోగనిరోధక వ్యవస్థలో తగ్గేవి ఉన్నాయి: థైమస్ కణజాలం, కొత్త టి-కణాలు, సి.డి.28, ఇ.ఆర్.కె. సంకేతం. పెరిగేవి ఉన్నాయి: పి.ఐ.3-కైనేజ్, పి38, శోథకారక సైటోకైన్లు. దారి తప్పేవి ఉన్నాయి: న్యూట్రోఫిల్ల దిశ, ఇంటర్‌ఫెరాన్‌పై ప్రతిదేహాలు. వీటిలో కొన్ని ప్రయోగాలలో సరిదిద్దదగినవిగా తేలాయి. కాబట్టి 'శక్తి తగ్గుతుంది' అనే వాక్యం ఆరంభంగా పనికిరావచ్చు, ముగింపుగా పనికిరాదు. ఇన్‌ఫ్లమేజింగ్ అనే భావన దానికంటే మెరుగైనదే అయినా, అది అన్ని సమాజాలకూ ఒకే తీరుగా వర్తిస్తుందని చెప్పడానికి ఆధారం లేదు.

ఈ పాఠం పరీక్షతో ముగిసేది కాదు. మీలో చాలామంది ఉద్యోగం చేస్తూ, ఇంట్లో పెద్దలను చూసుకుంటూ చదువుతున్నవారు. ఇమ్యూనిటీ పెంచుతామనే ప్రకటన చూసినప్పుడు "ఏ కణంలో, ఏ సంకేతాన్ని పెంచుతుంది? అది పెరగడం మంచిదేనా?" అని అడగండి. నాన్నగారికి జ్వరం లేదు కాబట్టి ఇన్‌ఫెక్షన్ లేదని అనుకోకండి. వృద్ధులలో జ్వరం రాకుండానే న్యుమోనియా రావచ్చు. ఉన్నట్టుండి అయోమయంగా మాట్లాడటం, తిండి మానేయడం దానికి తొలి సూచనలు కావచ్చు. అమ్మమ్మకు టీకా వేయించాలా అని ఎవరైనా అడిగితే "ఈ వయసులో ఎందుకు" అని కొట్టిపారేయకుండా, ఏ టీకా తగినదో డాక్టరును అడిగి తెలుసుకోండి.

10. మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 పంక్తులలో సమాధానం రాయండి.
1. "వృద్ధాప్యంలో రోగనిరోధక శక్తి తగ్గుతుంది" అనే వాక్యాన్ని ఆధారాలతో విమర్శనాత్మకంగా పరిశీలించండి.
2. ఇన్‌ఫ్లమేజింగ్ భావనను వివరించి, దాని సార్వత్రికతపై వచ్చిన విమర్శను చర్చించండి.

II. ఈ కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 పంక్తులలో సమాధానం రాయండి.
1. శోథ ముగింపులో స్థూలభక్షక కణాల పాత్ర, వయసుతో అందులో వచ్చే మార్పు.
2. సైటోమెగలోవైరస్ వల్ల వృద్ధాప్య అధ్యయనాలలో తలెత్తే చిక్కు.
3. ఎవెరోలిమస్ పరీక్ష ఫలితం నుంచి నేర్చుకోవలసిన రెండు విషయాలు.

III. మీ ఇంట్లో గాని, ఇరుగుపొరుగున గాని ఉన్న ముగ్గురు వృద్ధులతో మాట్లాడి, టీకాల గురించి వారి అభిప్రాయాలను సేకరించండి. ఆ అభిప్రాయాలలో 'శక్తి' అనే భావన ఎలా వ్యక్తమైందో ఒక పుటలో రాయండి. వారి పేర్లు రాయవద్దు.